మూస్ నిలబడాలంటే నీళ్లు తగ్గాలి

సాయంత్రం ఏడున్నరకి నలుగురు భోజనానికి వస్తున్నారు. మధ్యాహ్నమే మామిడి మూస్ చేసి, గ్లాసుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. ఆరింటికి ఒక గ్లాసు తీసి చూస్తే పైన నురగ, అడుగున వేలెడు మందాన పసుపు నీళ్లు. ఇంకో గ్లాసు కొంచెం వంచితే మొత్తం ఒక పక్కకి జారిపోయింది. ఇలా మీకెప్పుడైనా జరిగిందా? జరిగే ఉంటుంది. అప్పుడు ఏమనుకున్నారు? "చైనా గ్రాస్ తక్కువైంది, ఈసారి ఇంకో చెంచా వేస్తాను" అనుకున్నారు కదూ?

అక్కడే దారి తప్పుతున్నాం. మరుసటిసారి గడ్డకట్టించే ఆ చైనా గ్రాస్ ఎక్కువ వేస్తారు. మూస్ నిలబడుతుంది, నిజమే. కానీ చెంచా గుచ్చితే రబ్బరులా సాగుతుంది, నోట్లో కరగదు. తిన్నవాళ్లు "బావుందండీ" అంటారు గానీ రెండో చెంచా దగ్గరే ఆగిపోతారు. అసలు తప్పు జిగురులో లేదు, నీళ్లలో ఉంది. పండులోని నీరు తగ్గించకుండా జిగురు పెంచుకుంటూ పోతే మూస్ ఎప్పటికీ కుదరదు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క విషయం గురించే.

మీరు హైదరాబాద్‌లో వెంగళరావు నగర్‌లోనో మధురానగర్‌లోనో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటారనుకుందాం. వంటింట్లో ఏసీ ఉండదు. మే నెలలో బయట నలభై దాటుతుంది, పొయ్యి వెలిగిస్తే లోపల కూడా అంతే. ఫ్రిజ్‌లో దోసె పిండి గిన్నె, పెరుగు గిన్నె, కొత్తిమీర కట్ట, నిన్నటి సాంబారు ఉంటాయి. హోటళ్లలో చేసే మూస్‌కు చల్లటి గది, పెద్ద ఫ్రిజ్, నలుగురు మనుషులు ఉంటారు. మీకు అవేవీ ఉండవు. అయినా కుదురుతుంది. కుదిరే పద్ధతే చెబుతున్నాను.

ఆరు చిన్న గ్లాసులకు సరిపడా కొలత ముందే రాసుకోండి. మామిడి గుజ్జు 400 గ్రాములు, చక్కెర 40 గ్రాములు, విప్పింగ్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు, చైనా గ్రాస్ పొడి 2 గ్రాములు, అది నానడానికి 75 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ఇంతే. గుడ్డు లేదు. ఫ్రెంచివాళ్ల పాత పద్ధతిలో పచ్చి గుడ్డు తెల్లసొన గిలకొట్టి కలుపుతారు. మన ఎండల్లో ఇంట్లో ఆ పని వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది. ఆ నిషేధం మయోనైజ్‌కే అయినా అందులోని హెచ్చరిక మన గ్లాసుకూ వర్తిస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు తినే తీపిలో పచ్చి గుడ్డు ఉండకూడదు.

1. పండును తొందరపెట్టకండి

ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర బండి మీద మామిడిపళ్లు బేరం చేస్తుంటే అమ్మేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇవాళే తింటారా అమ్మా, రెండ్రోజులు ఆగుతారా?" మూస్‌కు పండు కొనేవాళ్లు చెప్పాల్సిన జవాబు "రెండ్రోజులు ఆగుతాను". కాస్త గట్టిగా ఉన్న కాయ కొనండి. బియ్యం డబ్బాలో పెట్టండి. రోజూ తీసి తొడిమ దగ్గర వాసన చూడండి. తొడిమ దగ్గర తీపి వాసన గుప్పుమని, బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయిన రోజే దాన్ని కోయండి.

ఎందుకింత శ్రద్ధ? బండి మీద అప్పటికే నిగనిగలాడుతూ ఒకే రంగులో ఉన్న పండు లోపల పుల్లగా, టెంక దగ్గర తెల్లగా ఉండొచ్చు. కార్బైడ్‌తో మాగబెట్టడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషిద్ధం, అయినా పూర్తిగా ఆగలేదు. అలాంటి పండుతో మూస్ చేస్తే పులుపు పోగొట్టడానికి చక్కెర గుమ్మరించాలి. అంత చక్కెరతో చేసిన దానిలో మామిడి రుచి మిగలదు.

ఏ రకం? హైదరాబాద్‌లో బేనీషాన్ అని అడిగినా, ఆంధ్రలో బంగినపల్లి అని అడిగినా అదే పండు. మూస్‌కు ఇది చక్కగా సరిపోతుంది. పీచు తక్కువ, కండ ఎక్కువ, ధర అందుబాటులో ఉంటుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. హిమాయత్ దొరికితే ఇంకా బాగుంటుంది గానీ ధర ఎక్కువ. రసాల సంగతి వేరు. చిన్నరసం, పెద్దరసం పిండుకుని తాగడానికి పుట్టిన పళ్లు. రుచి అద్భుతం, కానీ నీరూ పీచూ రెండూ ఎక్కువే. రసాలతో మూస్ చేయాలని మనసుపడితే గుజ్జును జల్లెడ పట్టి, పొయ్యి మీద ఇంకాస్త ఎక్కువసేపు ఉంచండి. తోతాపురితో మాత్రం ప్రయత్నించకండి. అది గుజ్జు ఫ్యాక్టరీలకు, పచ్చి ముక్కకు ఉప్పూ కారం అద్దుకుని తినడానికి బాగుంటుంది.

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉండి ఇది చదువుతున్నారా? ఇండియన్ స్టోర్‌లో దొరికే డబ్బా గుజ్జు వాడుకోండి. అందులో చాలా రకాలకు ముందే చక్కెర కలిపి ఉంటుంది. డబ్బా వెనక చదివి, చక్కెర ఉంటే పైన చెప్పిన చక్కెర పూర్తిగా మానేయండి.

2. సగం గుజ్జు పొయ్యి మీదికి, సగం పచ్చిగానే

ఈ మెట్టు దాటేసే వాళ్లే ఎక్కువ. మిక్సీలో తిప్పిన గుజ్జును నేరుగా క్రీమ్‌లో కలిపేస్తారు. అడుగున తేలే నీళ్లు అక్కడి నుంచే వస్తాయి.

గుజ్జులో సగం, అంటే 200 గ్రాములు, అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, చక్కెర కలిపి, సన్నని మంట మీద పెట్టండి. పక్కనే నిలబడి గరిటెతో తిప్పుతూ ఉండండి. మామిడి గుజ్జు వేడెక్కాక చిట్లి చేతుల మీద పడుతుంది, జాగ్రత్త. మొదట పలుచగా ఉడుకుతుంది. పది నిమిషాలకు రంగు చిక్కబడుతుంది. గరిటెతో గిన్నె అడుగున గీత గీయండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా సమయం పడుతుందని అర్థం. రెండు క్షణాలు ఆగి మూసుకుంటే దించేయండి. అప్పటికి 200 గ్రాములు 150 దగ్గరికి వచ్చి ఉంటుంది. మామిడి తాండ్ర పోసేవాళ్లు ఎండలో చేయించే పనిని మనం ఇక్కడ కొంతవరకు పొయ్యితో చేయించుకుంటున్నాం.

మరి మొత్తం గుజ్జూ ఉడికిస్తే పోలేదా? వద్దు. ఉడికితే మామిడి పరిమళం పోయి జామ్ వాసన వస్తుంది. చిక్కదనానికి ఉడికిన సగం, సువాసనకు పచ్చి సగం. రెండూ కావాలి.

తీపి చూసేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. చల్లబడితే నాలుకకు తీపి తగ్గినట్టు తెలుస్తుంది. అందుకే గోరువెచ్చగా ఉన్న గుజ్జు మీకు కావాల్సినదానికంటే రవ్వంత తియ్యగా ఉండాలి. ఆ నిమ్మరసం, చిటికెడు ఉప్పు తప్పకుండా వేయండి. యాలకుల పొడి మాత్రం వద్దంటాను. యాలకులు వేసిన మామిడి మూస్ మామిడి పాయసం రుచికి వచ్చేస్తుంది.

3. క్రీమ్ కొనేముందు డబ్బా తిప్పి చదవండి

"అన్నీ సరిగ్గానే చేశానండీ, అరగంట బీట్ చేసినా క్రీమ్ పొంగలేదు." ఈ మాట అన్నవాళ్లని ఏ క్రీమ్ వాడారని అడగండి. పదిమందిలో ఎక్కువమంది కిరాణా కొట్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ పేరు చెబుతారు. అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. పనీర్ కూరలోకి, ఫ్రూట్ సలాడ్‌లోకి అది చక్కగా పనికొస్తుంది. గాలిని పట్టి నిలపాలంటే మాత్రం పాల క్రీమ్‌లో కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి, 35 ఉంటే నిశ్చింత. తక్కువ కొవ్వున్న క్రీమ్‌ను గంటసేపు గిలకొట్టినా నురగ వచ్చి దిగిపోతుంది. అది మీ చేతి లోపం కాదు.

బేకరీ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే విప్పింగ్ క్రీమ్‌లో రెండు జాతులు. ఒకటి పాల క్రీమ్, తీపి ఉండదు. రెండోది వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది, ముందే తియ్యగా ఉంటుంది, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అమ్ముతారు. రెండోది ఎండకు తట్టుకుంటుంది, కొత్తవాళ్లకు కూడా సులువుగా పొంగుతుంది. కానీ తిన్నాక అంగిలికి మైనపు పొర అంటుకున్నట్టుంటుంది. ఇంట్లో నలుగురికి పెట్టేటప్పుడు పాల క్రీమే వాడమని నా సలహా. మేడ మీద ఎండాకాలం పుట్టినరోజు చేస్తున్నారంటే రెండోది వాడండి, గుజ్జులో చక్కెర సగానికి తగ్గించండి.

ఇక గిలకొట్టడం. క్రీమ్ ముందురోజు రాత్రి నుంచే ఫ్రిజ్ లోపలి భాగంలో ఉండాలి, తలుపు అరలో కాదు. స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు ఇరవై నిమిషాల ముందు ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంకో పెద్ద పళ్లెంలో ఐసు ముక్కలు, కాసిని నీళ్లు పోసి, దాని మీద ఈ గిన్నె పెట్టుకోండి. వేడికి కొవ్వు మెత్తబడిపోతే గాలి నిలవదు. అందుకే ఈ ఏర్పాటంతా. ఫ్యాన్ కట్టేయకండి, పొయ్యి మాత్రం కట్టేయండి.

బీటర్‌ను తక్కువ వేగంతో మొదలుపెట్టి మధ్యస్థానికి తీసుకురండి. మొదట పెద్ద బుడగలు వస్తాయి. తరవాత బుడగలు సన్నబడి, బీటర్ తిరిగిన జాడ క్రీమ్ మీద కనిపిస్తుంది. అక్కడ ఆపి, బీటర్ పైకెత్తి చూడండి. దాని కొసన క్రీమ్ లేచి, కొస కొద్దిగా వంగి ఆగింది కదా? చాలు, ఇక ఆపేయండి. కేకు మీద పువ్వులు వేయడానికి కావాల్సినంత గట్టిదనం మూస్‌కు అక్కర్లేదు. ఇక్కడ ఇంకో అర నిమిషం ఆశపడితే క్రీమ్ రవ్వలు రవ్వలుగా విరుగుతుంది.

విరిగిపోయిందా? కంగారుపడకండి. ఇప్పుడిప్పుడే రవ్వ పడుతుంటే రెండు చెంచాల చల్లటి క్రీమ్ పోసి, గరిటెతో చేత్తో నెమ్మదిగా కలిపితే సర్దుకుంటుంది. నీళ్లు విడిపోయేదాకా వెళ్తే ఇక మూస్‌కు పనికిరాదు. ఇంకాస్త చిలికి వెన్న తీసుకోండి, రేపు ఉదయం పెసరట్ల మీద వేసుకోవచ్చు.

4. చైనా గ్రాసా, జెలటినా?

ముందు ఇంటికి వచ్చేదెవరో ఆలోచించండి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. శాకాహారులకు, శనివారం నియమం పాటించేవాళ్లకు అది చెప్పకుండా పెట్టడం తప్పు. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, కాబట్టి ఎవరికైనా పెట్టొచ్చు. మన ఇళ్లకు అదే సరి.

కానీ దాని స్వభావం తెలియకపోతే అది ఏడిపిస్తుంది. చైనా గ్రాస్ కరగాలంటే నీళ్లు బాగా మరగాలి. వేడి నీళ్లలో వేసి కలిపితే కరిగినట్టే కనిపించి, తరవాత గడ్డకట్టదు. ఇక గడ్డకట్టడం మొదలుపెడితే ఆగదు. నలభై డిగ్రీల కిందికి దిగగానే, అంటే మన వంటింటి వేడిలోనే, పేరుకుపోతుంది. ఇప్పుడు ఊహించండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి క్రీమ్‌లో మీరు వేడి చైనా గ్రాస్ నీళ్లు పోశారు. ఏమవుతుంది? క్రీమ్ తగలగానే అది దారాలు దారాలుగా గడ్డకట్టేస్తుంది. మూస్ తింటుంటే పంటి కింద పడే ఆ జెల్లీ పోగులు ఇలా పుట్టినవే.

దీనికి ఇంట్లో పనిచేసే ఉపాయం ఒకటుంది. గుజ్జును ముందు జెల్లీగా గడ్డకట్టనివ్వండి, తరవాత మిక్సీలో తిప్పండి. వరస ఇదీ: 75 మిల్లీలీటర్ల నీళ్లలో చైనా గ్రాస్ పొడి ఐదు నిమిషాలు నాననిచ్చి, పొయ్యి మీద పెట్టి తెర్లించండి. తెర్లాక రెండు నిమిషాలు సన్నని మంట మీద తిప్పుతూ ఉంచండి. వెంటనే వేడిగా ఉన్న ఉడికిన గుజ్జులో పోసి బాగా కలపండి. ఆ తరవాత పచ్చి గుజ్జు, నిమ్మరసం, ఉప్పు వేసి కలపండి. పచ్చి గుజ్జు ఫ్రిజ్‌లోంచి తీసింది కాకుండా బయట ఉన్నదై ఉండాలి. పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో పెడితే అరగంటలో మెత్తటి జెల్లీ అవుతుంది. దాన్ని ముక్కలు చేసి మిక్సీలో నున్నగా తిప్పండి. నిగనిగలాడే చిక్కటి గుజ్జు వస్తుంది. అది ఇక పోగులు కట్టదు, నీరు వదలదు, చల్లటి క్రీమ్‌తో హాయిగా కలిసిపోతుంది.

దీనికి ఒక పరిమితి ఉంది. ఇలా చేసిన మూస్ గ్లాసులోనే బాగుంటుంది. అచ్చులో పోసి పళ్లెంలోకి బోర్లిస్తే నిలబడదు. మొదటిసారి చేసేవాళ్లు అచ్చుల జోలికి అసలెందుకు వెళ్లాలి? గ్లాసే మన పద్ధతి.

చైనా గ్రాస్ పొడి కాకుండా పోచలుగా దొరికితే కత్తెరతో ముక్కలు చేసి, 4 గ్రాములు తీసుకుని, అరగంట నానబెట్టండి. జెలటినే వాడతానంటే 6 గ్రాములు చల్లటి నీళ్లలో నానబెట్టి, వేడి నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించండి, మరిగించకండి. ఒక హెచ్చరిక: పచ్చి బొప్పాయి ముక్కలు మాంసాన్ని మెత్తబరిచే సంగతి తెలిసిందే కదా? అనాస, బొప్పాయి, కివీ పళ్లలో ఉండే ఎంజైములు జెలటిన్‌ను కూడా అలాగే విరిచేస్తాయి. ఆ పళ్లతో జెలటిన్ వాడాలంటే గుజ్జును ముందు ఉడికించి తీరాలి. చైనా గ్రాస్‌కు ఆ బాధ లేదు.

5. కలిపేటప్పుడు చెయ్యి తేలిగ్గా

క్రీమ్‌లో మూడో వంతు తీసి గుజ్జులో వేసి మామూలుగానే కలిపేయండి. గుజ్జు తేలికపడుతుంది. అప్పుడు దాన్ని మిగిలిన క్రీమ్‌లో పోసి, వెడల్పాటి గరిటెతో గిన్నె అడుగు నుంచి పైకి తీసి మడవండి. గిన్నెను ఎడమ చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ఉండండి. తెల్ల చారలు కనబడటం మానగానే ఆపేయాలి. పప్పుగుత్తి తిప్పినట్టు తిప్పారో, ఇందాక కష్టపడి పట్టిన గాలంతా పోతుంది.

6. ఫ్రిజ్‌లో మూత

క్రీమ్ పక్క వాసనలను వెంటనే పట్టేస్తుంది. సాంబారు గిన్నె పక్కన మూత లేకుండా నాలుగు గంటలు ఉన్న మూస్‌కు ఇంగువ వాసన వస్తుంది. గ్లాసులకు మూతలు లేకపోతే చిన్న ప్లేట్లు బోర్లించండి. కనీసం నాలుగు గంటలు ఉండాలి. రెండు రోజుల్లో తినేయాలి. వడ్డించాక ఎండాకాలంలో గంటకు మించి బయట పెట్టకండి.

మామిడి అయిపోతే ఏం చేయాలి?

జూన్ దాటాక మూస్ మానేసేవాళ్లు ఉన్నారు. నిజానికి హైదరాబాద్‌లో ఉంటూ మూస్ నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం మామిడితో కాదు, ఖుబానీతో, అంటే ఎండు ఆప్రికాట్‌తో, మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం. పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా తిన్నారా? మీద చల్లటి మలాయో కస్టర్డో వేసి ఇస్తారు. అంటే ఉడికిన పండూ, పాల కొవ్వూ కలిపి తినడం ఈ ఊరికి ఎప్పటి నుంచో తెలుసు. ఆ రెంటినీ కలిపి గాలి పట్టిస్తే మూస్ అయింది. ఎండు పండు కాబట్టి నీళ్ల బెడదా లేదు. ఉడికితే తనంతట తానే చిక్కబడుతుంది కాబట్టి చైనా గ్రాసూ అక్కర్లేదు. మొదటిసారి చేసేవాళ్లు ఓడిపోవడానికి అవకాశమే తక్కువ.

బేగంబజార్ డ్రైఫ్రూట్ దుకాణాల్లో గింజతో ఉండే చిన్న గోధుమరంగు ఖుబానీ అడగండి. నారింజరంగులో మెత్తగా మెరిసేవి వేరు, అవి రంగు నిలవడానికి గంధకం పట్టించినవి, పులుపు ఎక్కువ. పావుకిలో ఖుబానీ రెండుసార్లు కడిగి, 400 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. ఉదయం గింజలు తీసి పక్కన పెట్టి, నానిన నీళ్లతో సహా 60 గ్రాముల చక్కెర వేసి, సన్నని మంట మీద ఉడికించండి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో ముక్కలు గరిటెకు నలిగిపోతాయి. మూడు వంతులు నున్నగా నూరి, ఒక వంతు పలుకుగానే ఉంచండి. పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో గంట పెట్టండి. గ్లాసు అడుగున చెంచాడు పలుకు గుజ్జు వేసి, మిగతాది 200 మిల్లీలీటర్ల క్రీమ్ గిలకొట్టి అందులో మడిచి, పైన పోయండి.

పక్కన పెట్టిన గింజలు పారేయకండి. పగలగొడితే బాదం రుచి ఉండే పప్పు వస్తుంది. ఖుబానీ కా మీఠా మీద పాతవాళ్లు చల్లేది అదే. ఒకటి కొరికి చూసి, తియ్యగా ఉంటేనే నాలుగైదు పలుకులు గ్లాసు మీద పెట్టండి. చేదుగా ఉంటే ఆ గింజలన్నీ పారేయాల్సిందే, చేదు పప్పు తినకూడదు.

ఇక సీతాఫలం. దసరాకు అటూ ఇటూగా మహబూబ్‌నగర్ వైపు నుంచి బుట్టలు దిగుతాయి. ఆ జిల్లాలోని బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీమ్ తినడానికి జనం సాయంత్రాలు ఎలా వస్తారో చూసినవాళ్లకు ఈ పండుకూ పాల కొవ్వుకూ ఎంత పొత్తో చెప్పనక్కర్లేదు. ఆ మార్కెట్ ఒకప్పుడు నగరానికి పళ్ల మార్కెట్టే.

సీతాఫలానికి రెండు నియమాలు. ఒకటి, పొయ్యి మీద పెట్టకండి. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది, రంగు మారుతుంది. రెండు, గింజలతో మిక్సీలో వేయకండి. గింజలు విషపూరితం. జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దితే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన ఉండిపోతాయి. ఓపిక కావాలి, పిల్లలను కూర్చోబెడితే సరదాగా చేస్తారు. మరి ఉడికించకుండా నీరెలా తగ్గుతుంది? సీతాఫలం గుజ్జు సహజంగానే చిక్కన. 300 గ్రాముల గుజ్జుకు చెంచా నిమ్మరసం కలిపి నల్లబడకుండా చూసుకోండి. చైనా గ్రాస్‌ను నీళ్లకు బదులు 100 మిల్లీలీటర్ల పాలలో మరిగించి, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడికి దిగాక గుజ్జులో కలపండి. గుజ్జు ఫ్రిజ్‌లోది కాకూడదు. తరవాత మామిడికి చెప్పినట్టే జెల్లీ, మిక్సీ, క్రీమ్.

పుచ్చకాయ, బత్తాయి మూస్‌లు చేయాలని చూడకండి. రెండూ నీళ్లే. వాటిని జ్యూస్‌గా తాగడమే న్యాయం.

ఫిల్మ్‌నగర్‌కు ఆర్డర్ పంపాలంటే?

బాగా కుదిరిందని ఇంట్లోవాళ్లు అనగానే చాలామందికి వచ్చే ఆలోచన, చేసి అమ్మితే ఎలా ఉంటుందని. ఎందుకు రాకూడదు? వెంగళరావు నగర్ నుంచి కృష్ణానగర్ మీదుగా చెక్‌పోస్ట్ ఎక్కితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. పుట్టినరోజులు, ఆఫీసు పార్టీలు, పూజా కార్యక్రమాలు ఆ వైపు ఎప్పుడూ ఉంటాయి. ఒక గృహిణికి ఇరవై గ్లాసుల ఆర్డర్ వచ్చిందనుకోండి. మూస్ బ్రహ్మాండంగా చేసింది. బైక్ టాక్సీకి అట్టపెట్టెలో ఇచ్చి పంపింది. యూసుఫ్‌గూడలో సిగ్నళ్లు, కృష్ణానగర్‌లో రద్దీ, పైన మధ్యాహ్నం రెండింటి ఎండ. అక్కడ పెట్టె తెరిచేసరికి గ్లాసుల్లో లస్సీ ఉంది. రుచిలో లోపం లేదు, దారిలోనే పోయింది.

కాబట్టి థర్మోకోల్ పెట్టె కొనండి. అడుగున, పక్కల ఐస్ ప్యాక్‌లు సర్దండి. గ్లాసులు ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్నవై ఉండాలి, నాలుగు గంటలు చాలవు. పంపే సమయం ఉదయం పది లోపు, లేదా సాయంత్రం చీకటిపడ్డాక పెట్టుకోండి. బైక్ కుదుపులకు గ్లాసులు ఒరగకుండా మధ్యలో అట్ట గళ్లు పెట్టండి. అందగానే ఫ్రిజ్‌లో పెట్టాలని, రెండు రోజుల్లో తినాలని చీటీ అంటించండి. జెలటిన్ వాడి ఉంటే ఆ మాట చీటీ మీద స్పష్టంగా రాయండి. ఇంట్లో చేసి అమ్మినా అది ఆహార వ్యాపారమే. మొదటి ఆర్డర్ తీసుకునేముందే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకోండి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది.

అలాగే ధర చెప్పేటప్పుడు పండు, క్రీమ్ ఖర్చు మాత్రమే లెక్కేసుకుని మీ గంటల శ్రమను వదిలేయకండి. మొహమాటానికి పోయి తక్కువ చెప్పినవాళ్లు మూడో ఆర్డర్‌కే విసిగిపోయి మానేస్తారు. మంచి పండుతో, పాల క్రీమ్‌తో, చెప్పిన రోజుకు చెప్పినట్టు ఇచ్చే మనిషికి న్యాయమైన ధర అడిగే హక్కు ఉంది.

కానీ అమ్మకాల మాట తరవాత. ముందు మీ ఇంట్లో నలుగురికి పెట్టండి. ఈ అధ్యాయం మొత్తం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పావుకిలో ఖుబానీ తెచ్చి ఈ రాత్రికి నానబెట్టండి, క్రీమ్ ప్యాకెట్ ఫ్రిజ్ లోపలి అరలో పెట్టి పడుకోండి. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యే సరికి మీ మొదటి మూస్ సిద్ధంగా ఉంటుంది.